బిషప్ గారి కార్డుల పెట్టె

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నేను డేటాబేస్ మనిషిని. రికార్డు చూపిస్తే నమ్ముతాను. నా బాధల్లా, ఈ విషయంలో రికార్డు నా దగ్గరే ఉండటం.

2007లో అమెరికాలో, షామ్‌బర్గ్‌లో పనిచేసేవాణ్ణి. రిటైరైన ఒక బిషప్ గారికి సాయం కావాలని మా చర్చి ఫాదర్ అడిగారు. బిషప్ గారిది తూర్పు యూరప్. కమ్యూనిస్టుల కాలంలో రహస్యంగా చర్చి ఫాదర్ అయి, పైకి మాత్రం ఏళ్ల తరబడి ఒక ఆసుపత్రి బాయిలర్‌లో బొగ్గు వేశారు. ఆ ప్రభుత్వం కూలగానే బిషప్‌ని చేశారు. ఆయనకేమో ఆ రోజుల చరిత్ర రాసుకోవాలని. మీటింగులతోనే సరిపోయింది. చివరికి పదవి దిగి, పుస్తకం కోసం మా ఊళ్లో ఉన్న మేనకోడలి ఇంటికి వచ్చారు. వచ్చిన నెలకే పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. ఆయన చెబితే నేను టైప్ చేసేవాణ్ణి.

చరిత్రంతా ఒక చెక్కపెట్టెలో ఉండేది, మనిషికో కార్డు చొప్పున. నియమం ఒక్కటే: చనిపోయినవాళ్ల పేర్లే రాస్తారు. ఒకప్పుడు కాగితం మీద పేరు పోలీసులకి దొరికితే ఆ మనిషి జైలుకే. పోయినవాళ్లని ఎవరూ ఏమీ చేయలేరు. ప్రభుత్వం మారినా ఆయన అలవాటు మారలేదు.

రెండేళ్లు ప్రతి శనివారం వెళ్లి స్కాన్ చేశాను. పుస్తకంలో కృతజ్ఞతల దగ్గర నా పేరు ఉంటుందా అని ఒకసారి, వీలైనంత మామూలుగా అడిగాను.

"నువ్వు బతికే ఉన్నావుగా" అన్నారు. జోకు కాదని అర్థమవడానికి కాస్త టైమ్ పట్టింది.

అప్పుడొచ్చారు జోజి ప్రసాద్ మాస్టారు. గుంటూరులో హిస్టరీ లెక్చరర్‌గా రిటైరై, కూతురి దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. ఏమీ తోచట్లేదంటే ఓ శనివారం నేనే కార్‌లో తీసుకెళ్లాను. అంతకన్నా తెలివైన పనులు చేశాను జీవితంలో. బిషప్ గారు లేచి, ఒంటిచేత్తో ఆయనకి టీ కలిపి ఇచ్చారు. నాకు రెండేళ్లలో కెటిల్ ఎక్కడుందో చూపించారంతే.

తిరిగొస్తుంటే మాస్టారు నన్ను ఓదార్చారు. "నువ్వు కార్డుల గురించే అడుగుతావేంటయ్యా? బొగ్గు మోసి మోసి నడుం పడిపోలేదా అని ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. నాకు తట్టనందుకు ఆయన మీద కోపం వచ్చింది.

జనవరిలో మాస్టారు ఇండియా వెళ్లిపోయారు. ఎయిర్‌పోర్ట్‌లో నేనే దింపాను, అవసరానికి మించిన ఉత్సాహంతో.

మార్చిలో ఒక శనివారం పొద్దున పెట్టె తెరిస్తే పైనే కొత్త కార్డు. బిషప్ గారి అక్షరాలు. మాస్టారి పేరు, ఇంటిపేరుతో సహా. కింద ఆయన భాషలో ఒక వాక్యం. మేనకోడలు చదివి చెప్పింది: "నా నొప్పి గురించి అడిగినవాడు."

నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. కార్డు ఆయన ముందు పెట్టి, "మాస్టారికైతే నియమం వర్తించదన్నమాట" అన్నాను.

ఆయన కార్డు చదివారు. "రాత నాదే. నేను రాయలేదు" అంటూ ఒళ్లో పడి ఉన్న కుడిచేతిని చూపించారు. ఆ చెయ్యి పడిపోయి రెండేళ్లు దాటింది. తర్వాత కళ్లు మూసుకుని, చనిపోయినవాళ్ల కోసం చేసే ప్రార్థన మొదలుపెట్టారు.

మధ్యాహ్నం మాస్టారి కూతురు ఫోన్ చేసింది. గుంటూరులో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. లెక్కేసి చూస్తే, నేను పెట్టె తెరవడానికి గంట ముందు.

పెట్టె తాళం నా కీచైన్‌కే ఉంది. ముందు వారం కార్డులన్నీ సరిచూశాను, అందులో ఇది లేదు. మాస్టారి ఇంటిపేరు నాకే తెలియదు, ఆయన కూతుర్ని అడిగి సరిచూసుకున్నాను.

బిషప్ గారూ పోయారు. పుస్తకం వచ్చింది. కృతజ్ఞతల పేజీలో ఒక్కటే పేరు, మాస్టారిది. పెట్టె నాకు వదిలి వెళ్లారు.

ఆ కార్డు ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఏడాదికోసారి పెట్టె తెరిచి నా పేరు వెతుకుతాను. లేకపోతే హాయిగానే ఉంటుంది. కానీ మాస్టారి కార్డు చదివి, నా పేరు కింద రాయడానికి బిషప్ గారికి ఏం తోచి ఉండేదా అనుకున్నప్పుడు మాత్రం, కడుపు మండుతుంది.