సగం తిప్పిన వాల్వు

సొలొమోను గారు ఏ బిల్డింగులో అడుగుపెట్టినా ముందు తలెత్తి కప్పుకి ఉన్న, మంటలార్పే స్ప్రింక్లర్లు చూస్తారు. తర్వాత మెట్ల పక్కకెళ్లి, ఆ అంతస్తుకు నీళ్లు పంపే వాల్వును తడిమి, "ఎవరు డిజైన్ చేశారో గానీ..." అని పెదవి విరుస్తారు. విజయవాడలో ఆ పని తనకొక్కరికే వచ్చని ఆయన నమ్మకం. అలాంటిది మంగళగిరి ఆస్పత్రి డిజైను నిన్నగాక మొన్న చేరిన అక్షయకిచ్చారు. అప్పట్నుంచి ఆయనకు ఆఫీసు టీ కూడా చేదే.

టెస్టింగ్ రోజున వాల్వు తిప్పమని ఆయన్నే పిలిచారు. పైపులో నీళ్లు కదిలితే ఫ్లో స్విచ్ పసిగట్టి గంట మోగించాలి. పూర్తిగా తిప్పాల్సిన చెయ్యి, ఎన్నడూ లేనిది, సగంలో ఆగింది. గంట మోగలేదు. అక్షయ కళ్లలో నీళ్లు తిరిగాయి. సొలొమోను గారి కడుపు చల్లబడింది. స్విచ్ కాసేపు ఆగి చూశాకే మోగిస్తుందని అందరికీ నేర్పిన మనిషి, ఆ సంతోషంలో ఆ సంగతే మరిచిపోయారు. అంతలో ఆ సగం నీళ్లకే అంతస్తు అదిరేలా గంట మోగింది.

"స్విచ్‌ని పైపు వంపుకి దూరంగా పెట్టమని మీరే చెప్పారుగా సార్, అలాగే పెట్టానండీ," అంది అక్షయ, కళ్లు తుడుచుకుంటూ.

ఆయన పైపును కింది నుంచి పైదాకా చూశారు. ఎక్కడా వంక దొరకలేదు.

"ఎర్ర రంగు కాస్త ముదురైందమ్మా," అన్నారు.