ఫరసాన్ మడుగు దగ్గర కాకి ముద్ద

శ్రీనన్నా, బాగున్నావా? కొండ మీది అభా నుంచి నువ్వు రెండుసార్లు అడిగినా ఫరసాన్ సంగతి ఇప్పటిదాకా రాయలేదు, ఏమనుకోకు. కొట్టులో కొత్త సరుకు దిగింది, మొబైల్ కవర్లు సర్దేసరికే పొద్దు గడిచిపోతోంది. నీలాగే వెళ్ళాలనుకునే వాళ్ళకు కూడా పనికొస్తుందని బ్లాగులోనే పెడుతున్నాను.

విజిట్ వీసా మీద సౌదీ వచ్చిన మా ఆవిడ పద్మ జిజాన్‌లో ఇల్లు, కొట్టు తప్ప ఏమీ చూడలేదు. వానలకు ఫరసాన్ దీవిలో మంచినీళ్ళ మడుగు నిండిందని, అక్కడ పిట్టలు చూసి, తర్వాత తుమ్మచెట్ల వైపు జింకలను కూడా చూడొచ్చని యహ్యా చెప్పాడు. ఆయనది ఆ దీవే, అక్కడే టాక్సీ నడుపుతాడు. జిజాన్ రేవులో పొద్దున ఫెర్రీ ఎక్కాం. మేం వెళ్ళినప్పుడు టికెట్‌కు డబ్బు తీసుకోలేదు కానీ ముందే బుక్ చేసుకుని నా ఇఖామా నివాస కార్డు, పద్మ పాస్‌పోర్ట్ చూపించాల్సి వచ్చింది. గంటకు పైగా ప్రయాణం. రోజంతా తిప్పడానికి యహ్యాకు రెండు వందల రియాళ్ళు.

మడుగు చిన్నదే. చుట్టూ ఉప్పు నేల, రాళ్ళు. నీళ్ళ దగ్గర మాత్రం తుంగ, పచ్చగడ్డి, పొడవాటి ఎర్రకాళ్ళతో నడిచే నలుపు తెలుపు పిట్టలు. మధ్యాహ్నం గట్టు మీద చాప వేసి పులిహోర డబ్బా తెరిచాం. పద్మ రోజూ ఇంట్లో చేసినట్టే, తినేముందు కాకికని ఓ ముద్ద తీసి నీళ్ళ అంచున రాయి మీద పెట్టింది. కాసేపట్లోనే కాకులు దిగాయి. ఎర్రకాళ్ళ పిట్ట ఒకటి అరుస్తూ మా తలల మీద తిరగసాగింది.

యహ్యా కారు దిగి పరుగున వచ్చాడు. "భాభీ, ఖానా ఉఠావో. ఉధర్ అండా హై. కౌవా దేఖా తో ఖలాస్" అన్నాడు తనకొచ్చిన హిందీలో. ముద్ద తీసేయండి, అక్కడ గుడ్లున్నాయి, కాకి చూస్తే అంతే అని.

నిజమే. రాయికి మూరెడు దూరంలో, గులకల మధ్య మచ్చల గుడ్లు. పద్మ ముఖం మాడిపోయింది. "పుణ్యమని పెడితె ఇట్లయ్యె. ఏరుండ్రి, ఒక్క మెతుకు ఉండొద్దు" అంటూ కొంగు దోపుకుంది.

"మన ఊళ్ళె కాకులు పిలిస్తె గూడ రావు, ఈడ పిలువకముందే వచ్చినయి" అన్నాను.

"మీకు నవ్వులాటనే. ఆ తల్లి మళ్ళ కూసునేదాక నేనైతె కదల."

మెతుకులన్నీ ఏరాక, మేం దగ్గరుంటే పిట్ట దిగదని యహ్యా మమ్మల్ని దూరంగా కారులోకి పంపాడు. తను తలగుడ్డ తీసి, కాకి వాలబోయినప్పుడల్లా విసిరాడు. జింకల కోసం దాచుకున్న సమయమంతా అలా కరిగిపోయింది. చివరికి కాకులు విసిగి లేచిపోయాయి. పిట్ట ఆ పొడవాటి కాళ్ళు మడుచుకుని గుడ్ల మీద కూర్చుంది. అప్పుడు కారులోనే పులిహోర తిన్నాం. నేరుగా రేవుకు వెళ్తే ఫెర్రీ అందింది.

"జింకలు పోతె పోనియ్యి" అంది పద్మ.

మనింటి దగ్గర మంచిపని అన్ని చోట్లా మంచిపని కాదని తెలిసింది. చుట్టూ సముద్రమే ఉన్నా ఆ పిట్టకు ఉన్న తియ్యటి నీళ్ళు అవే. మీరు వెళ్తే కారులోనే తినండి, మెతుకు కూడా బయట రాల్చకండి. గుడ్లు పిల్లలయ్యాయో లేదోనని పద్మ రోజూ అడుగుతోంది, తన వీసా అయిపోయేలోపు మళ్ళీ వెళ్ళాలట. నువ్వూ ఉంటే బాగుంటుంది. కొండ దిగి ఎప్పుడు కలుస్తావన్నా?