ఆ వరసలో నా మెరూన్ జోడు

ఈ ఉదయం గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు సర్దుతూ, మంచుకాలం అయిపోయింది కదా అని రోడ్ల మీద చల్లే ఉప్పు మరకలు పట్టిన బూట్లన్నీ గరాజ్‌లోకి తోస్తుంటే, వెనకాల నా మెరూన్ షూస్ బయటపడ్డాయి. మడమలు అరిగిపోయాయి, పారెయ్యమని మా అమ్మాయి ఏడాదిగా పోరుతోంది. పారేస్తానా! అవి మ్యూజియంలో ప్రదర్శనకెక్కిన జోడు. నవ్వకండి, నిజంగానే ఎక్కాయి, ఓ పది నిమిషాలు.

పోయిన వసంతంలో ఒటావాలో ఒక మ్యూజియం వాళ్ళు, నాజీల కాలంలో యూదుల పిల్లలు పడ్డ అవస్థల మీద ప్రదర్శన పెట్టారు. గైడ్లు పెద్దవాళ్ళు కాదు, హైస్కూలు పిల్లలే. తమ ఈడు వాళ్ళకి తామే చెప్పాలి. పదకొండో గ్రేడు చదివే మా మనవరాలికి ఆ అవకాశం వచ్చింది. ఇంక ఊరి శివార్లలో, కనాటాలో మా ఇంట్లో చూడాలి హడావుడి! నెల రోజులు నేనే ప్రేక్షకురాలిని. పప్పులో పోపు వేస్తున్నా సరే, "అమ్మమ్మా, వన్ మోర్ టైమ్" అంటూ లాక్కొచ్చి సోఫాలో కూర్చోబెట్టేది. నేను మాత్రం తక్కువదాన్నా? ముప్ఫయ్యేళ్ళు సోషల్ చెప్పినదాన్ని. ఈ పాఠాన్ని రెండు పేరాల్లో ముగించేసి ముందుకు పోయినదాన్ని కూడా, అదీ ఒప్పుకోవాలి. మనవరాలి భయమల్లా ఒక్కటే, వచ్చేది తన క్లాసు వాళ్ళే. "దే వోంట్ లిజన్, అమ్మమ్మా. ఫోన్లే చూసుకుంటారు," అంది ముందురోజు అన్నం కెలుకుతూ.

దాని క్లాసు వచ్చే రోజు నేను అందరికన్నా ముందే మ్యూజియంకి వెళ్ళిపోయాను. చివరి గదిలో ఒక దీపం, కరెంటుదే, దాని ముందు పొట్టి చెక్క పీఠం మీద వరసగా ఆనాటి పిల్లల చెప్పులు, ఒక్కో జత ముందు పేరు రాసిన కార్డు. చనిపోయిన పిల్లల పేర్లు మెల్లగా చదువుతున్న రికార్డు గొంతు. నా ప్రమేయం లేకుండానే కాళ్ళు షూస్ విడిచేశాయి. దీపం ముందు చెప్పులతో నిలబడే అలవాటు మనకెక్కడిది? దారికి అడ్డం ఎందుకని వాటిని పద్ధతిగా పీఠం చివర పెట్టి, మేజోళ్ళతో వెళ్ళి మూల బల్ల మీద ఓ పెద్దావిడ పక్కన కూర్చున్నాను.

పిల్లలు వచ్చారు. మనవరాలు బాగానే అందుకుంది. ఇంతలో ఓ పొడుగు కుర్రాడు వంగి చూసి, "ఇవెవరివి? వీటికి కార్డు లేదే?" అన్నాడు. మనవరాలు చూసింది, గుర్తుపట్టింది. "ఓ మై గాడ్, దోజ్ ఆర్ మై గ్రాండ్‌మదర్స్!" క్లాసంతా ఘొల్లుమంది. దాని మొహం కందిపోయింది, కళ్ళలో నీళ్ళు. నాకు తల కొట్టేసినట్టయింది. నెల రోజుల దాని కష్టాన్ని చేజేతులా చెడగొట్టాను.

అప్పుడు నా పక్కనున్న ఆ పెద్దావిడ లేచింది. తొంభైకి దగ్గరగా ఉంటుంది. ఆ వరసలో బకిల్ ఉన్న బుల్లి జత ఆవిడదేనట. "ఎందుకు విడిచారు?" అని నన్ను అడిగింది. దీపం ముందు మేం చెప్పులతో నిలబడమని, అది మర్యాద కాదని వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అది విని ఆవిడ పిల్లల వైపు తిరిగింది. "మేం ఓ రైతు పశువుల కొట్టంలో దాక్కున్నప్పుడు మా అమ్మ నన్ను చెప్పులు విప్పనిచ్చేది కాదు. నిద్రలో కూడా. ఏ క్షణాన పరుగెత్తాలో తెలియదు. పాదం పెరిగితే ముందు భాగం కోసేసింది. కెనడా వచ్చాక మొదటి ఇంట్లో, గుమ్మం దగ్గర విప్పమన్నారు. ఏడ్చి గోల చేశాను," అంది.

మా పిల్ల చేతిలో బట్టీపట్టిన కాగితాలున్నాయి. వాటివైపు చూడను కూడా లేదు. "మరి ఎప్పుడు విప్పారు?" అని అడిగింది. కాగితంలో లేని ప్రశ్న! సంతోషం పట్టలేక లేచి నిలబడిపోయాను.

"ఇక్కడికి వచ్చిన ఏడాదికి. ఒకరోజు పొద్దున లేచేసరికి చెప్పులు కాళ్ళకి లేవు. రాత్రి నేనే విప్పేసి మరిచిపోయాను," అందావిడ.

ఒక్క ఫోనూ బయటికి రాలేదు. ఆ పొడుగు కుర్రాడే ముందు వంగి స్నీకర్ల తాళ్ళు విప్పాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. చిల్లుపడ్డ మేజోళ్ళు, బాతు బొమ్మల మేజోళ్ళు, గది గుమ్మంలో మనింట పేరంటమంత చెప్పుల గుట్ట! ఇక ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి. బస్సు వచ్చిందని టీచరు మూడుసార్లు పిలిచినా ఎవరూ కదలరే! సాయంత్రం కార్లో "యు ఆర్ సో ఎంబరాసింగ్, అమ్మమ్మా" అంటూనే, ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు మా పిల్ల.

జోడు తుడిచి మళ్ళీ స్టాండులోనే పెట్టాను. గుమ్మంలో చెప్పులు విడవడానికి నాకు పట్టేది ఒక్క క్షణం. ఆవిడకి ఏడాది పట్టింది.