మునిరత్నమ్మ చెయ్యి పెట్టిన మూట

బాగేపల్లి సంతకు ఆడవాళ్ళంతా పొద్దున్నే పోయేవాళ్ళు. నల్లగుట్టపల్లి మునిరత్నమ్మ మాత్రం పొద్దు వాలే వేళకు పోయేది. అంగడివాళ్ళు తక్కెడలు సర్దుకుంటూ, మిగిలిన సరుకును మళ్ళీ బండికి ఎత్తాలే అని విసుక్కునే వేళ అది. అప్పుడు కుప్పల అడుగున పడి ఉన్నదంతా చూపుకు నాసిగానే ఉంటుంది. అందులో నిజంగా నాసి ఏది, చూపుకు మాత్రమే నాసి ఏది అని కనిపెట్టడం ఆమెకు బాగా తెలుసు. పొట్టు ఎగిరిపోక మిగిలిన ఉలవలు, విరిగిపోయిన కందిపప్పు, తోలు నల్లబడ్డా లోపల ఎర్రగా ఉన్న చింతపండు, ఇవన్నీ ఆమె సంచిలోకి సగం ధరకు వచ్చేవి.

ఈ విద్య పుట్టింటిది. మంచేనహళ్ళిలో ఆమె తండ్రి ధాన్యం బండ్లు తోలేవాడు. మూటల మధ్య కూర్చోబెట్టుకొని కూతురికి ఒకటే చెప్పేవాడు: పైన చూసి మోసపోవద్దు, మోచేతి దాకా చెయ్యి పెట్టు, లోపల చల్లగా ఉంటే గింజ బతికి ఉన్నట్టు, వెచ్చగా ఉంటే చచ్చినట్టు.

అత్త చిక్కమ్మకు ఇది బొత్తిగా గిట్టేది కాదు. వాళ్ళకు ఎనిమిది ఎకరాల ఎర్రనేల ఉంది. రాగులు, శెనక్కాయలు ఇంటివే.

"మన ఇంటి కోడలు సంత ముగిసినాక పోయి ఊడ్చుకోని వస్తాండాది అని నలుగురూ అంటాండారు," అనేది. "మనకేం తక్కువ?"

"తక్కువై కాదు అత్తా. బాగుండేదాన్ని పారేస్తాంటే చూడలేను," అనేది మునిరత్నమ్మ. అంతకు మించి వాదించేది కాదు. ఆమె మొగుడు ఆంజనేయప్ప ఇద్దరికీ మధ్య ఏమీ మాట్లాడకుండా భోంచేసి లేచిపోయేవాడు.

పంతొమ్మిది వందల అరవై ఐదులో వాన మొహం చాటేసింది. రాగి పైరు మోకాలెత్తు కూడా రాకుండానే మాడిపోయింది. మరుసటి ఏడు ఎండాకాలానికి ఇళ్ళలో గాదెలు అడుగంటాయి. ఏనాడూ గింజ కొనని కుటుంబాలు రేషన్ చీటీలు పట్టుకొని బాగేపల్లి డిపో ముందు వరస కట్టాయి. ఆ డిపో నడిపేవాడు వెంకటరాయప్ప. సన్నగా, ఎప్పుడూ హడావుడిగా ఉండే మనిషి. అక్కడ దొరికేది ఎక్కువగా అమెరికా నుంచి వచ్చిన గోధుమ. సంగటి తిని పెరిగిన ఊళ్ళకు గోధుమతో ఏం చెయ్యాలో తెలియదు. ఇష్టం లేకుండానే కొనేవాళ్ళు.

ఆ ఏప్రిల్‌లో చిక్కబళ్ళాపురం స్టేషనులో దించిన పన్నెండు మూటలు అకాల వానకు తడిశాయి. బాగేపల్లికి చేరేసరికి గోతాలు నల్లగా మరకలు కట్టి, దగ్గరికి పోతే ముక్కు మూసుకోవలసిన వాసన వేస్తున్నాయి. తాలూకు ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన అధికారి, షేకుదారు, దూరం నుంచే చూసి, మనుషులకు పనికిరాదు, కోళ్ళకని పావు ధరకు అమ్మెయ్యమని రాసిచ్చి వెళ్ళిపోయాడు. రెండు రోజులు ఎవరూ ముట్టలేదు.

మూడో రోజు మునిరత్నమ్మ తన వాటా గోధుమ కోసం వచ్చి ఆ మూటలు చూసింది.

"అప్పా, ఒక మూట మూతి విప్పుతారా?"

"కోళ్ళు ఎన్ని ఉండాయమ్మా నీకు?" అన్నాడు వెంకటరాయప్ప నవ్వుతూ. అయినా విప్పాడు.

ఆమె కొంగు బిగించి మోచేతి దాకా చెయ్యి దించింది. అంచున గింజలు గడ్డకట్టి ముద్దగా తగిలాయి. ఇంకా లోపలికి తోసింది. అక్కడ గింజ జారుతూ, చల్లగా ఉంది. పిడికెడు తీసి వాసన చూసింది. ఒకటి పంటికింద వేసి కొరికింది. టక్కుమని విరిగింది. అలాగే పన్నెండు మూటల్లోనూ చెయ్యి పెట్టింది. రెండింటిలో నడుమ వెచ్చగా ఉంది. వాటిని కాలితో పక్కకు నెట్టి, "ఈ పదీ నాకు ఉంచండప్పా, రేపు బండి తెస్తాను," అంది.

రాత్రి ఇంట్లో గొడవ జరిగింది. కోళ్ళ తిండి ఈ ఇంట్లో వండితే తాను కూడు ముట్టనని చిక్కమ్మ తేల్చి చెప్పింది. అంతవరకూ ఎన్నడూ నోరు విప్పని ఆంజనేయప్ప చెయ్యి కడుక్కుంటూ భార్యను అడిగాడు.

"నువ్వు లోపల దాకా చూసినావా?"

"చూసినాను."

"అయితే తెల్లారి ఎద్దులు కడతాను."

ఆ రాత్రే మునిరత్నమ్మ పది ఇళ్ళు తిరిగింది. తిమ్మక్క అనే పక్కింటామె ముందు ఒప్పుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళు. మూటకొకరు లెక్కన ఆమెతో కలిపి పది మంది అయ్యారు.

ఊరి వెనక ఏనుగు వీపంత నల్లబండ ఉంది. మూటలు అక్కడ విప్పారు. గడ్డకట్టిన అంచును వేరు చేసి గొయ్యి తీసి పూడ్చారు. ఒకామె దాన్ని కోళ్ళకైనా వేసుకుంటానంటే మునిరత్నమ్మ ఒప్పుకోలేదు. "బూజు పట్టింది కోడికి పెట్టి, ఆ కోడిని మనమే కదా తినేది," అంది. మిగిలిన గింజను జల్లెడ పట్టి, కడిగి, మూడు రోజులు ఆ బండ మీద ఎండబెట్టారు. పిట్టలు వాలకుండా ఆడవాళ్ళు వంతులు వేసుకొని కూర్చున్నారు. మూటలో పదో వంతు పోయింది. తొమ్మిది వంతులు బంగారం లాంటి గోధుమ నిలిచింది.

ఇక వండడం. సంగటిలోకి బియ్యపు నూకలు వేస్తాం కదా, ఆ చోట గోధుమ నూకలు వేస్తే ఏమవుతుందని ఆమె ఆలోచన. గోధుమను తిరగలిలో పగలగొట్టి, నూకను మెత్తగా ఉడికించి, పైన రాగిపిండి పోసి మూత పెట్టింది. తెడ్డుతో కలియదిప్పితే ముద్ద విడిపోకుండా నిలిచింది. ఇంట్లో మిగిలిన రాగులు ఇలా రెండింతల రోజులు వస్తాయని లెక్క తేలగానే ఆమెకు ఒళ్ళు తేలికైంది.

చిక్కమ్మ పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఉలవచారులో ముద్దను ముంచి, మింగింది. తర్వాత పళ్ళెం ముందుకు జరిపింది.

"ఇంకొక ముద్ద వెయ్యి," అంది. వేశాక, కోడలి మొహం చూడకుండా, "చారు కూడా," అంది.

ఆ ఎండాకాలం నల్లగుట్టపల్లిలో ఆ పది ఇళ్ళలో పొయ్యి వెలగని పూట లేదు. గోధుమ నూకల సంగటి చుట్టుపక్కల పల్లెలకు పాకింది. డిపోలో కొత్త సరుకు దిగితే, వరసలో ఉన్నవాళ్ళు ముందు ఒకటే అడిగేవాళ్ళు: మునిరత్నమ్మ చూసిందా? ఆమె చెయ్యి పెట్టి తలూపితే మూట ఖాళీ అయ్యేది. పెదవి విరిస్తే అక్కడే ఉండేది. చదువు రాని తన మాటకు ఇంత విలువ వస్తుందని ఆమె అనుకోలేదు. వీధిలో నడిచేటప్పుడు తల కొంచెం ఎత్తే నడిచేది. ఆ మాట ఆమే ఒప్పుకునేది.

మరుసటి ఏడు ఉగాదికి వారం ముందు వెంకటరాయప్ప కబురు పంపాడు. రేషన్‌తో సంబంధం లేకుండా సొంతంగా ఎనిమిది మూటల కందిపప్పు తెచ్చి పెట్టాడు. ధర బజారులో కంటే మూడో వంతు తక్కువ. పండుగ ఒబ్బట్లలో పూర్ణానికి పప్పు కావాలి కాబట్టి అంగడి బయట అప్పటికే నలభై మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు.

"నువ్వు ఒక మాట చెప్తే చాలమ్మా," అన్నాడు. "నీకు పది సేర్లు ఊరికే ఇస్తాను."

పప్పు చూడటానికి ముచ్చటగా ఉంది. పసుప్పచ్చగా మెరుస్తోంది. ఆమె చెయ్యి పెట్టింది. చల్లగానే ఉంది. పిడికెడు ముక్కు దగ్గరికి తెచ్చుకొని ఆగిపోయింది. దోమల కోసం ఇళ్ళలో చల్లే మందు వాసన సన్నగా తగిలింది. కొంగు కొస తడిపి రుద్దితే పప్పు మెరుపు పోయి, కొంగుకు తెల్లని పొడి అంటుకుంది.

"ఇది యాడ కొన్నారప్పా?"

"చింతామణిలో. ఏంటికి?"

"మందు మూటల పక్కన పెట్టిన పప్పు ఇది. వాసన చూడండి."

వెంకటరాయప్ప వాసన చూశాడు. అతని మొహం మాడిపోయింది. తలుపు కొంచెం మూసి గొంతు తగ్గించాడు.

"కడిగితే పోతాది కదమ్మా. ఉండే డబ్బంతా దీంట్లో పెట్టినాను. ఇంతకాలం నీకు ఎన్నిసార్లు తక్కువకు ఇచ్చినాను, గుర్తు చేసుకో."

ఆ మాట నిజమే. అందుకే ఆమెకు కష్టమైంది. బయట తిమ్మక్క గొంతు, ఇంకెవరివో పిల్లల ఏడుపు వినిపిస్తున్నాయి.

"మీ మంచితనం మర్చిపోలేదప్పా," అంది. "కానీ నా ఇంట్లో వండనిదాన్ని వాళ్ళ ఇళ్ళల్లో ఎట్ల వండమనేది?"

బయటికి వచ్చి, అతన్ని ఒక్క మాట అనకుండా, "ఈ పప్పు ఒద్దమ్మా, సరిలేదు," అని మాత్రం చెప్పింది. ఆడవాళ్ళు గొణిగారు. పండుగ ముందర ఇట్లా చెప్తే ఎట్లా, ఒబ్బట్లు ఎందులో చేసేది అని ఒకామె నిలదీసింది.

మునిరత్నమ్మకు కూడా ఆ క్షణానికి తెలియదు. అంగడి మెట్టు మీదే నిలబడి ఆలోచించింది. తర్వాత, "నాతో రాండి," అని హైవే పక్కన ఉన్న చెన్నరాయప్ప శెనక్కాయల మిషను దగ్గరికి దారి తీసింది. అక్కడ కాయలు ఒలిచేటప్పుడు విరిగిన గింజలు కుప్పగా పడతాయి. ముక్కలకు మంచి ధర రాదు కాబట్టి వాటిని గానుగకు తోలేవాళ్ళు.

"గానుగ వాళ్ళు ఇచ్చే ధరకే మాకు ఇయ్యప్పా," అని అడిగింది. "నీకు బండి కూలి కూడా మిగులుతాది."

చెన్నరాయప్ప తన వాకిట నిండిన ఆడవాళ్ళను చూసి, కాదనడానికి కారణం దొరక్క తక్కెడ తెప్పించాడు. తూచే ముందు ఆమె అందరినీ కుప్ప చుట్టూ కూర్చోబెట్టి నల్లబడ్డ ముక్కలన్నీ ఏరించింది. ఆ ఉగాదికి ఊళ్ళల్లో వేయించిన శెనక్కాయలు, బెల్లం దంచి ఒబ్బట్లు చేశారు. పప్పుతో చేసినవాటి కంటే ఇవే బాగున్నాయని చాలామంది అన్నారు. చిక్కమ్మ నాలుగు తిని, ఐదోది రేపటికి దాచుకుంది.

వెంకటరాయప్ప నెల రోజులు మునిరత్నమ్మతో మాట్లాడలేదు. ఆమె వరసలో నిలబడి చీటీ ఇస్తే, తూచి, మొహం తిప్పుకునేవాడు. ఆమెకు అది లోపల గుచ్చుకునేది. కానీ ఆ ఎనిమిది మూటలనూ అతను ఎవరికీ అమ్మలేదు. చింతామణికి తీసుకుపోయి, పోట్లాడి, సగం డబ్బు వెనక్కి తెచ్చుకున్నాడని తర్వాత తెలిసింది.

వైశాఖంలో ఒక సాయంత్రం అతనే సైకిల్ మీద నల్లగుట్టపల్లికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"ఎల్లుండి చింతామణి మండీకి పోతాండానమ్మా. జొన్నలు, అలసందలు కొనాల," అన్నాడు. "డబ్బు కట్టకముందే నువ్వొకసారి చూస్తే బాగుంటాది. బస్సు చార్జీ నాది."

ఆంజనేయప్ప భార్య వైపు చూశాడు. ఆమె అత్త వైపు చూసింది.

"నేనూ వస్తాను," అంది చిక్కమ్మ.

చింతామణి మండీలో మునిరత్నమ్మ నలభై మూటల్లో చెయ్యి పెట్టింది. వ్యాపారి మొదట నవ్వాడు. పదో మూట దగ్గర నవ్వడం మానేశాడు. ఇరవయ్యో మూట నాటికి తానే పురికొస విప్పి ఇస్తున్నాడు. ఆమె తీసెయ్యమన్న తొమ్మిది మూటలు పక్కన పెట్టి, మిగతావి తగ్గించిన ధరకు వెంకటరాయప్పకు ఇచ్చాడు.

తిరుగు బస్సులో చిక్కమ్మ పక్కన ఎవరో తెలియని ముసలామె కూర్చుంది. ఏ ఊరు, ఏం పని మీద వచ్చారని అడిగింది.

"బాగేపల్లి దగ్గరమ్మా," అంది చిక్కమ్మ, కొంగు సర్దుకొని కొంచెం నిటారుగా కూర్చుంటూ. "మా కోడలు వచ్చింది, మండీలో ధాన్యం చూసేదానికి. నేను తోడు వచ్చినాను, అంతే."

ముందు సీటులో మునిరత్నమ్మ, మోచేతి దాకా అంటిన జొన్న ధూళిని దులుపుకోకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ ఆ మాట విన్నది.