రెండు టేపుల మరిది

మా మరిది దర్జీ. ఎదురొచ్చిన మనిషి ముఖం చూడడు, నడుము చూస్తాడు. అతని పలకరింపు "బాగున్నారా" కాదు, "అంగుళం పెరిగారే!" ఈ నోటితో దుకాణం ఇన్నేళ్ళు ఎలా నడిచిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఒకసారి మా వీధి డాక్టరుగారు ప్యాంటు పట్టుకుని రుసరుసలాడుతూ వచ్చారు. నేను పక్కనే కూర్చుని హుక్కులు కుడుతున్నాను.

"ఏం బట్టయ్యా ఇది! రెండుసార్లు ఉతికేసరికి నడుము దగ్గర ముడుచుకుపోయింది."

"పొడవు సరిపోయిందా అండీ?"

"పొడవుకేం, బాగానే ఉంది."

"కాళ్ళ దగ్గర ముడుచుకోకుండా నడుము దగ్గరే ముడుచుకునే బట్ట నేనింతవరకు చూడలేదండీ. మీ రోగి వచ్చి ఇలా చెబితే నమ్ముతారా?"

డాక్టరుగారు టేపు వేయించుకున్నారు. నలభై ఒకటిన్నర. "చొక్కా తీస్తే తగ్గుతుందేమో" అన్నారు గొణుగుతూ. నవ్వాపుకోలేక నేను సూది వేలికి గుచ్చుకున్నాను.

లావైనవాళ్ళకు ఏ వైద్యం మంచిదో తేల్చాలని మరిదికి పిచ్చి. కొలతల పుస్తకంలో ప్రతి పేరు పక్కనా ఒక గడి: మాత్రలు, నడక, రెండూ, ఉత్త కబుర్లు. బ్యాంకు మేనేజరుగారు పదిహేను రోజులు పండ్లరసం తాగి ప్యాంటు బిగువు చేయించుకున్నారు. నెల తిరక్కుండా అదే ప్యాంటు వదులు చేయించుకున్నారు. ఆయన పేరు పక్కన "రసం: రెండుసార్లు కుట్టుపని" అని ఎక్కింది.

"నీ టేపుకి నడుమొక్కటే తెలుసు, రక్తంలో కొవ్వు కనబడదు" అన్నారు డాక్టరుగారు ఒకరోజు. "మాత్ర ఇచ్చానంటే కూర్చోమని కాదు. నడవమన్నానంటే మాత్ర మానమని కాదు."

"మంచి మాటండీ. ఇంతకీ మీరే గడిలో ఉన్నారో చూడమంటారా?"

చూడనక్కర్లేదు. ఉత్త కబుర్లు.

తరవాత నా వంతు వచ్చింది. చెడ్డ కొవ్వు ఎక్కువుందన్నారు. ఇన్సులిన్ కావలసినంత ఉందిట, ఒళ్ళే దాని మాట వినడం లేదుట. "అచ్చం మీ అన్నయ్యే! పిలుపు వినబడుతుంది, మనిషి లేవడు" అన్నాను మరిదితో. మాత్రలూ ఇచ్చారు, నడవమనీ చెప్పారు. రెండు నెలలు మింగాను, నడిచాను. మోకాళ్ళు అరిగాయి గానీ నడుము కదల్లేదు.

"రేపటి నుంచి మాత్రా లేదు, నడకా లేదు. పోతే పోతాను" అన్నాను.

"పోయేముందు ఒకసారి నిలబడు వదినా" అని టేపు వేశాడు. "ఇదిగో, అంగుళం తగ్గావ్!"

"నిజంగా?"

"నేనెప్పుడైనా ఎవరికైనా తగ్గించి చెప్పానా?"

అదీ నిజమే. మానలేదు, నడిచాను. ఆరు నెలలకు కొవ్వు దిగింది, డాక్టరుగారు రిపోర్టు చూసి మెచ్చుకున్నారు.

మొన్న తలుపు తెర కొలుద్దామని అతని సొరుగు లాగితే రెండు టేపులు కనబడ్డాయి. పక్కపక్కన పరిచాను. పాతది సాగిపోయి ఉంది. కొత్తదాని మీద నలభై ఉన్నచోట దాని మీద ముప్పై తొమ్మిదే! పుస్తకం తీశాను. అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ అంకెల్లో నన్నెవరూ మోసం చేయలేరు. రెండో నెల: "వదిన. నలభై. తగ్గలేదు. నీరసపడింది. పాత టేపు." పేజీ తిప్పినకొద్దీ పాత టేపులే. డాక్టరుగారికైతే మూడుసార్లు.

"ఏమయ్యా, సాగిన టేపుతో నాకు టోపీ పెడతావా?"

"ఇప్పుడు కొత్తదానితో కొలుచుకో వదినా."

కొలుచుకున్నాను. ముప్పై ఎనిమిది. నమ్మలేక మళ్ళీ కొలుచుకున్నాను, అదే.

అతను జేబులోంచి కాగితం తీశాడు. తన రక్తం రిపోర్టు. నాకొచ్చిన జబ్బే. అందరి నడుములూ కొలిచినవాడి నడుము ఇంతవరకు ఎవరూ కొలవలేదు.

"రేపటి నుంచి మాత్రలూ, నడకా. నెలనెలా నువ్వే కొలవాలి వదినా."

"కొలుస్తాలే. ఏ టేపుతో?"

తల వంచుకుని సూదిలో దారం ఎక్కించాడు.

"మొదటిసారి కొత్తది. ఆ తరవాత ఏది తీశావో నాకు చూపించకు."