హరప్పా బజారులో గుంటూరు మిరప

సూర్యకుమారి గుంటూరు మిర్చియార్డులో కాటా వేసే మనిషి కూతురు. బొమ్మలు వేయడం తప్ప మరో విద్య రాదు. ఆ ఏడాది ఊరు ఊరంతా వైటూకే, వైటూకే అంటూ కంప్యూటరు ఉద్యోగాలకి విమానాలెక్కుతుంటే, ఈవిడేమో బొమ్మలు వేయడానికే సింగపూరు ఎక్కింది! వుడ్‌ల్యాండ్స్‌లో బడిపిల్లల పాఠాల సీడీలు చేసే చిన్న కంపెనీ. ఆర్నెల్లుగా ఒకటే పని, సింధు లోయ నగరం. కాల్చిన ఇటుకల ఇళ్ళు, వీధి వెంట మూతలేసిన మురుగుకాలవ, ఎడ్లబళ్ళు, బజారులో త్రాసు, రాతి తూకాలు.

ఆ రోజు మూడింటికి సీడీ కొనే మేడమ్ వస్తుంది. ఆవిడ సరేనంటేనే ఆ దేశంలో పనిచేయడానికిచ్చే వర్క్ పాసు పొడిగిస్తానని బాసు లిమ్ తెగేసి చెప్పాడు. కాదంటే నెలాఖరుకి పెట్టె సర్దుకోవాల్సిందే.

ఒంటిగంటన్నరకి యూ టీ పేటలో తానుండే ఫ్లాట్ నుంచి ఫోను. అక్కడ తనతో కలిసి ఉండే అలేఖ్య యూనివర్సిటీలో మొక్కల మీద పరిశోధన చేస్తోంది.

"కుమారక్కా, ఫ్రిజ్ మీద నువ్వంటించిన బజారు బొమ్మ ఇప్పుడే చూశాను. ఆ ఎర్ర కుప్పలేంటి?"

"మిరపకాయలే! బజారన్నాక మిరపకాయలుండవా?"

"ఓరి దేవుడా! మన దేశానికి మిరప వచ్చి ఐదొందలేళ్ళే అయిందక్కా. ఓడల్లో పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు. నీ ఊరు నాలుగువేల ఏళ్ళ నాటిదాయె!"

సూర్యకుమారి ఫోను పెట్టేసి తెర మీది ఎర్ర కుప్పల వంక చూసింది. ఇటుక కొలత కూడా పుస్తకం చూసే వేసిన మనిషి, మిరపకాయ దగ్గర మాత్రం పుస్తకం తెరవలేదు. గుంటూరు పిల్లకి మిరపకాయ సంగతి ఇంకొకరు చెప్పాలా? ఆ ధీమాయే కొంప ముంచింది.

లిమ్‌కి చెబితే ఎగిరిపడతాడు. చెప్పలేదు. గబగబా పుస్తకం తిరగేసింది. ఆ ఊరి వర్తకులు ఎర్ర రాతిపూసలు చేసి సముద్రం అవతలికి అమ్మేవాళ్ళట. హమ్మయ్య! కుప్పలు చెరిపి, బుట్టలు వేసి, బుట్ట నిండా పూసలు నింపింది. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. మూడింటికి ఐదు నిమిషాలుందనగా చివరి బుట్ట నిండింది.

మేడమ్ తెర మీద ఒక్కో వీధే చూసుకుంటూ బజారు దగ్గర ఆగింది.

"ఈ తూకం వేసే మనిషి ముక్కుకి గుడ్డెందుకు కట్టుకున్నాడు?"

సూర్యకుమారి అప్పుడు చూసింది. అయ్యో, ఆ తువ్వాలు! మిరప ఘాటుకి నాన్న కట్టుకునే తువ్వాలు. కుప్పలు తీసిన తొందరలో మనిషి సంగతే మరిచిపోయింది.

లిమ్ అందుకున్నాడు. "పూసలు తొలిచే దుమ్ముకి, మేడమ్!"

"నిజమేనా?" మేడమ్ సూర్యకుమారినే అడిగింది.

తల ఊపితే చాలు, పాసు చేతికొస్తుంది. ఊపబోయింది కూడా. కానీ ఈ సీడీ చూసి పిల్లలు ఇదే నిజమనుకుంటారే! పోతే పోయింది వెధవ ఉద్యోగం అనుకుంది.

"కాదు మేడమ్. మధ్యాహ్నం దాకా అక్కడ మిరపకాయలున్నాయి. తెలియక వేశాను. ఆయన మా నాన్న."

లిమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మేడమ్ మళ్ళీ తెర వైపు తిరిగింది.

"ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?"

"లేవు మేడమ్. తక్కినవన్నీ పుస్తకం చూసే వేశాను."

"అయితే ఆ గుడ్డ తీసెయ్యమ్మా. నేను కూర్చుంటాను. సంతకం పెట్టే వెళ్తాను."

సూర్యకుమారి తువ్వాలు చెరిపి నాన్న భుజం మీద వేసింది. ముక్కు వేసింది, మీసం వేసింది. ముప్పై ఏళ్ళు ఆ ఘాటు పీల్చి, దగ్గుతూ దగ్గుతూనే పోయాడాయన. పెదవుల దగ్గరకొచ్చేసరికి కళ్ళు మసకబారి తెర కనబడలేదు. చెంగుతో తుడుచుకుని మళ్ళీ గీసింది.

"ఇక్కడ ఘాటు లేదు నాన్నా," అని గొణుక్కుంది, "హాయిగా ఊపిరి పీల్చుకో."