పీకితే రాని నోటీసు

ఆ రోజుల్లో ఎవరైనా ఎదురుగా నిలబడి పేరడిగితే చెప్పడానికి నాకు కొంత సమయం పట్టేది. పేరు తెలియక కాదు. నోరు తెరవాలా వద్దా అని లోపల ఒక మీటింగు జరిగేది. అది ముగిసేలోపు అడిగినవాళ్ళు వెళ్ళిపోయేవారు. రాయడానికి మాత్రం ఏ ఇబ్బందీ ఉండేది కాదు, డైరీలో పేజీలకు పేజీలు నింపేదాన్ని. (ఇప్పుడు తీసి చూస్తే అందులో సగం, నేను పైకి చెప్పకుండా మింగేసిన జవాబులే.) అలాంటి నాకు మొదటి ఉద్యోగం, ఊళ్ళో అందరికీ అన్నీ తెలియజేయవలసిన చోట దొరికింది. తమిళనాడులో, హోసూరు నుంచి రాయకోట పోయే దారిలో ఒక చిన్న పంచాయతీ ఆఫీసు, అందులో ఒక కంప్యూటరు, దాని ముందు తాత్కాలికంగా నేను. ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఇంట్లో నా పెళ్ళి మాట ఎత్తనని నాన్న ఒప్పుకున్నాడు కాబట్టి, దాన్ని కాపాడుకోవడమే నా జీవిత ధ్యేయంగా ఉండేది.

ఆఫీసులో ఉండేది ముగ్గురం: ప్రెసిడెంటప్ప, క్లర్కు, నేను. బయట గోడకు గాజు తలుపున్న నోటీసు బోర్డు ఉండేది కానీ, దాని తాళంచెవి నేను చేరకముందే పోయింది. లోపల ఎప్పటిదో పశువుల టీకాల కాగితం ఒకటి ఎండకు వెలిసిపోయి, ఒక చచ్చిన తుమ్మెదతో కాపురం చేస్తూ ఉండేది. అందుకని కొత్త నోటీసులన్నీ బోర్డు పక్కన సిమెంటు గోడకే అంటించేవాళ్ళం. ఆ పద్ధతి క్లర్కు నాకు మొదటి వారంలోనే నేర్పాడు. "మూడే పనులు పాపా. అంటించేది, ఫోటో తీసేది, పీకేది." ఫోటో పై ఆఫీసుకు పోతుంది, కాగితం చెత్తబుట్టకు పోతుంది. మరి ఊరికి ఏం పోతుందని నేను అడగలేదు. (డైరీలో అడిగాను.)

ఇంతలో మేకలవాళ్ళ వీధి వార్డు మెంబరమ్మ, కూతురి కాన్పుకని బెంగళూరు పోయి, మనవడిని వదిలి రాలేక అక్కడినుంచే రాజీనామా పంపించింది. సీటు ఖాళీ అయింది. ఆ వీధి కొళాయిలో అప్పటికే నీళ్ళు ఆగిపోయి చాలా రోజులైంది. ఎవరైనా వచ్చి అడిగితే, "మెంబరు వచ్చినాక చూస్తామమ్మా" అని క్లర్కు ఓపికగా చెప్పి పంపేవాడు. కొన్ని నెలల తర్వాత తమిళంలో ఉపఎన్నిక నోటీసు వచ్చింది. ఆడవాళ్ళకు కేటాయించిన సీటు, ఇష్టమున్నవాళ్ళు ఫలానా తేదీలోపు నామినేషన్ వేయవచ్చు, ఆ తేదీ వరకు ఈ కాగితం అందరికీ కనబడేలా ఉండాలి. ప్రెసిడెంటప్ప దాన్ని చదివి, మడిచి, తన తమ్ముడి భార్యను మెంబరుగా చేయాలని నిర్ణయించేశాడు.

"పోటీ ఎందుకప్పా, ఊరికే గలాటా" అన్నాడు క్లర్కుతో. "ఎవరూ వేయకుంటే ఆయమ్మే మెంబరు."

"ఆయమ్మకు చెప్పినారా?"

"ఆఖర్న చెప్దాంలే. ఇప్పుడే చెప్తే పదిమందికి చెప్పేస్తుంది." తర్వాత నా వైపు తిరిగాడు. "పాపా, ఈసారి బాగా అంటించు. పోయినసారి ఫోటోలో ఒక మూల లేచిపోయిందని పై ఆఫీసులో అడిగినారు."

చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప నాకు వేరే ప్రతిభ లేదు. ఆఫీసులో ఉండే మైదా జిగురును నమ్మకుండా, ఇంటినుంచి మా అవ్వ చింతగింజల బంక తీసుకుపోయాను. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, సన్నటి మంట మీద ఉడికించేది అవ్వ. నా పాత పుస్తకాల వెన్నులన్నీ ఆ బంకతోనే నిలబడి ఉన్నాయి. పొద్దున్నే గోడ తుడిచి, కాగితం వెనక అంతటా పూసి, నాలుగు మూలలూ అరచేత్తో ఒత్తి, ఫోటో తీసి పంపించాను. ఇక మూడో పని మిగిలింది.

సరిగ్గా అప్పుడే మేకలక్క వచ్చి గోడ కింద మెట్టు మీద కూర్చుంది. మేకలవాళ్ళ వీధిలో ఇరవై మేకలున్న మనిషి. కొళాయి గురించి అడగడానికి వారానికి ఒకసారి మేకలతో సహా వచ్చేది. ఆమె నెత్తి మీదుగా చెయ్యి చాచి కాగితం పీకడానికి నాకు సిగ్గేసింది. లేచి వెళ్ళాక పీకుదామనుకున్నాను. ఆమె మధ్యాహ్నం దాకా లేవలేదు. ఏప్రిల్ ఎండ నేరుగా ఆ గోడ మీదే పడుతూ ఉండింది.

రెండు గంటలకు ప్రెసిడెంటప్ప బండి దిగి, గోడ చూసి ఆగిపోయాడు. "ఇంకా ఈడే ఉండాదేంది?" క్లర్కు గోటితో ఒక మూల గీకాడు. రాలేదు. నీళ్ళు చల్లాడు. అక్షరాలు ఇంకా నల్లగా కనబడ్డాయి. లోపలినుంచి స్కేలు తెచ్చాడు, అది విరిగింది. ఎదురుగా బస్సు కోసం నిలబడినవాళ్ళు, బస్సు వచ్చినా ఎక్కకుండా ఇటే చూస్తున్నారు.

"అక్కా," అన్నాడు క్లర్కు చివరికి, "నీ మేకను కొంచెం ఇట్లా తోలు. కాగితం తింటుంది కదా."

మేక వచ్చింది. నోటీసును వాసన చూసింది, ఒకసారి నాకింది, తర్వాత పక్కకు తిరిగి క్లర్కు చంకలో ఉన్న ఫైలులోంచి అతని సెలవు చీటీ లాగి తినేసింది. మేకలక్క లేచి, గోడను వేలితో రుద్ది, వాసన చూసింది.

"ఇది చింతగింజల గంజి కదప్పా. మా మామ కంబళ్ళకు పెట్టేది ఇదే. ఎండలో ఆరినాక ఇంక రాదు, వదిలేయండి." తర్వాత నెమ్మదిగా అడిగింది. "అవును, అందరూ కలిసి ఇంత కష్టపడతాండారే, దాంట్లో ఏముండాది?"

"ఏమీ లేదమ్మా, ఉత్త కాగితం."

"ఉత్త కాగితానికి నా మేకెందుకప్పా?"

క్లర్కు విరిగిన స్కేలును వెనక దాచాడు. ఆమె నా వైపు తిరిగింది. "పాపా, నాకు అరవం చదివేది రాదు. నువ్వు చదివి చెప్పు."

ప్రెసిడెంటప్ప నన్ను చూశాడు. చదివితే ఉద్యోగం పోతుంది, వెనకాలే పెళ్ళిచూపులు వస్తాయి. చదవకపోతే ఆ కొళాయి అట్లాగే ఉంటుంది. లోపల మీటింగు మొదలైంది. కానీ ఆమె మిగతావాళ్ళలా వెళ్ళిపోలేదు. (వారాల తరబడి కొళాయి కోసం కూర్చున్న మనిషికి నా మీటింగు ఒక లెక్కా.) నేను తమిళంలో ఉన్నదాన్ని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఎంత సన్నగా అంటే, బస్టాండు వాళ్ళు వినబడక రోడ్డు దాటి వచ్చారు. "గట్టిగా చెప్పమ్మా" అని ఎవరో అన్నారు. గట్టిగా చెప్పడం చేతకాక మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఇంకొందరు దగ్గరికి వచ్చారు. నాలుగోసారికి ఊళ్ళో సగంమంది నా చుట్టూ ఉన్నారు. గొంతు బాగున్నవాళ్ళెవరైనా చదివి ఉంటే, జనం దూరంనుంచే విని వెళ్ళిపోయేవారు.

"అంటే," అంది మేకలక్క, "మా వీధి సీటు ఖాళీ. యారన్నా వేయొచ్చు. నేను కూడా."

"నువ్వు కూడా" అన్నాను. ఆ ఒక్క మాట మాత్రం ఎట్లా వచ్చిందో, గట్టిగానే వచ్చింది.

జనం పోయాక ప్రెసిడెంటప్ప తనే ఒకసారి కాగితం మూల గోటితో గీకి చూశాడు. "నిన్ను ఇంత బాగా అంటించమని యారు చెప్పినారు పాపా?"

"మీరే అప్పా."

ఆయన నిజాయితీగా ఆలోచించి, అవునని తల ఊపాడు.

నామినేషన్లు మూడు పడ్డాయి. ప్రెసిడెంటప్ప తమ్ముడి భార్య కూడా వేసింది. ఆమెకు సంగతి బస్టాండులో తెలిసిందట, దానికి ఆయన మీద కోపంగా ఉండింది. మేకలక్క గెలిచింది. మొదటి మీటింగులోనే కొళాయి గురించి ఎంతసేపు మాట్లాడిందంటే, ఆమెను ఆపడానికి నీళ్ళు వదలక తప్పలేదు. నా ఉద్యోగం ఆ నెలాఖరుకు ముగిసింది. దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. నేను నమ్మినట్టు తల ఊపాను. పెళ్ళిచూపులు రెండు జరిగాయి. రెంటిలోనూ పేరడిగితే వెంటనే చెప్పేశాను. అవి కుదరలేదు.

ఇప్పుడు హోసూరులో ఒక కంపెనీ ఆఫీసులో పని చేస్తున్నాను. ఊరికి పోయేటప్పుడు బస్సు ఆ గోడ ముందు ఆగుతుంది. రెండుసార్లు సున్నం కొట్టినా, ఆ కాగితం ఉన్న మేర మాత్రం నలుచదరంగా తేలి కనబడుతుంది. మొన్న ఒకరోజు, అంత పెద్ద సంగతి గురించి అప్పట్లో నోరు తెరవని ఆ పిల్ల ఎన్ని పేజీలు నింపి ఉంటుందో అని ఆశగా డైరీ తీశాను. ఆ తేదీ కింద ఒక్క వాక్యమే ఉంది: "ఈరోజు బంక బాగా కుదిరింది."

మింగిన జవాబు ఒక్కటీ లేని పేజీ, ఆ డైరీ మొత్తంలో అదే.